సరిహద్దుకి వెడల్పెంత?

మా వైపు కొండ అంటే కోటప్పకొండే. నరసరావుపేట చుట్టుపక్కల పుట్టినవాడికి ఏ దిక్కు చూసినా పత్తి చేలూ మిరప తోటలూ, వాటి మధ్య ఎవరో తెచ్చి దించిపోయినట్టు ఆ మూడు శిఖరాలూ. శివరాత్రికి ప్రభలు కట్టుకుని వెళ్తాం. "చేదుకో కోటయ్యా" అని కేకలు పెడతాం. అంటే పైకి చేర్చే పూచీ ఆయనదే. నల్లరేగడి మీద పెరిగిన కాళ్లకి ఎత్తు ఎక్కడం సొంతపని అనిపించదు. చేదేవాడొకడు పైన ఉండాలి.

అలాంటివాణ్ణి, మొన్న మాఘమాసంలో సైకిలేసుకుని నల్లమల ఎక్కి, కృష్ణ దాటి, అవతల తెలంగాణలో తేలాను. వెంట మా మేనల్లుడు. ఈ మధ్య మన ఊళ్లలోనూ హెల్మెట్లు పెట్టుకుని, బిగుతు లాగులు తొడుక్కుని తెల్లారకట్ట హైవే మీద తిరిగే కుర్రాళ్లు తయారయ్యారు కదా, వాడు ఆ బాపతు. మొదట "మామా, లడఖ్ పోదాం" అన్నాడు. మనాలి నుంచి లేహ్ దాకా తొక్కొస్తే వాళ్లలో వాళ్లకి పెద్ద హోదా. సరిహద్దూ కొండా రెండూ కావాలంటే అంత దూరం ఎందుకురా, మన పడమటి వాకిట్లోనే ఉన్నాయి కదా అన్నాను. వాడికి ఆనలేదు. ఆంధ్రాకీ తెలంగాణకీ మధ్య ఉన్న గీతని వాడు సరిహద్దు కింద లెక్కవేయడు. పాస్‌పోర్టు అడగరు, సైనికుడు కనపడడు, ఫోనులో సిమ్ము కూడా మార్చక్కర్లేదు.

నాకు కావలసింది ఆ గీతే. పటంలో సరిహద్దుకి పొడవుంటుంది, వెడల్పుండదు. బళ్లో మాస్టారు ఎర్ర పెన్సిలుతో గీయించినప్పుడూ అంతే, ఇప్పుడు ఫోనులో చూసినా అంతే. గీతకి ఇటు పక్క ఒక రంగు, అటు పక్క ఇంకో రంగు. కారులో పోయేవాడికి అది ఒక బోర్డు: "స్వాగతం" అని ఒక వైపు, "ధన్యవాదాలు" అని వెనక వైపు. రెప్ప వేసేలోపు అయిపోతుంది. కానీ మనుషులు ఒక చోట ఒకలాగా, ఇంకోచోట ఇంకోలాగా ఎట్లా మారతారు? ఒక్క బోర్డు దగ్గర మారరు కదా. ఆ మారడానికి ఎంత దూరం పడుతుందో కాళ్లతో కొలిచి చూడాలని చాలాకాలంగా ఉంది. నడిస్తే ఓపిక చాలదు. మోటారు బండి అయితే తొందరపెడుతుంది. సైకిలు ఒక్కటే మనిషి వేగానికి కాస్త ఎక్కువ, యంత్రం వేగానికి బాగా తక్కువ.

బయల్దేరింది కల్లాల రోజుల్లో. నరసరావుపేట దాటి వినుకొండ వైపు మళ్లితే రోడ్డుకి రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు లేస్తుంది. నడిచేవాడికి అది వాసన. సైకిలు తొక్కేవాడు నోరు తెరిచి ఊపిరి పీలుస్తాడు కాబట్టి వాడికి దగ్గు. ఎదురుగా గుంటూరు యార్డుకి టిక్కీలు వేసుకుపోయే లారీలు. ఒక్కొక్కటి దాటినప్పుడల్లా మొహం మీద కారం చల్లినట్టే. మేనల్లుడు ఖరీదైన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "లడఖ్‌లో ఇదుండదు మామా" అన్నాడు. చేలల్లో కోత కూలీలు వంగి ఉన్నారు. పడమటి జిల్లాల నుంచి కుటుంబాలతో వచ్చి, చేను గట్టునే పరదా కట్టుకుని కోతలయ్యేదాకా ఉండేవాళ్లు. మేం ఎక్కాలనుకుంటున్న కొండలు వాళ్లు ఎప్పుడో దిగి వచ్చారు.

మైదానంలో ఎత్తుపల్లాలు లేవనుకుంటాం. ఉన్నాయి, నీళ్లకి తెలుసు. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్లు వదిలింది. ఆ తర్వాత మా ప్రాంతంలో ఊళ్ల మధ్య అసలు సరిహద్దు కాలువే. కాలువ కింద ఊరు, కాలువ పైన ఊరు. పిల్లనిచ్చేటప్పుడు కూడా అదే అడుగుతారు. కంటికి ఆ వాలు కనపడదు. సైకిలు మీద మాత్రం, చదునుగా ఉందనుకున్న రోడ్డులో తొడలు ఎక్కడ బిగుస్తాయో అక్కడ తెలుస్తుంది. కుడి కాలువ తవ్వినవాళ్ల సర్వే గొలుసు ఎందుకు అట్లా వంకర పోయిందో అప్పుడు అర్థమవుతుంది.

వినుకొండలో టీ తాగాం. జాషువా పుట్టిన ఊరు, ఊరిని ఆనుకుని కొండ. అక్కడి నుంచి ఆకాశం అంచు పూర్తి చదునుగా ఉండదు, పడమటి వైపు నీలంగా ఒక చార మొదలవుతుంది. ఊరు దాటి గుండ్లకమ్మ వంతెన ఎక్కితే జిల్లా మారినట్టు. మా జిల్లాల సంగతి చెప్పుకుంటే నవ్వొస్తుంది. వినుకొండ, నరసరావుపేట 2022 ఏప్రిల్ దాకా గుంటూరు, ఆ తర్వాత పల్నాడు. అవతలి ఒడ్డున మార్కాపురం, దోర్నాల ఒకప్పుడు కర్నూలు. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి తలా ఒక ముక్క కోసి ఒంగోలు జిల్లా కుట్టినప్పుడు ఇటు వచ్చిపడ్డాయి. రెండేళ్లకి దానికే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మా తాత సంతకం ఒకే ఇంట్లో కూర్చుని వేరువేరు జిల్లాల కాగితాల మీద పెట్టినవాడే. గుండ్లకమ్మకి ఇదేమీ పట్టదు. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, ఎన్ని గీతలు గీసినా వాటి మీదుగానే పోయి సముద్రంలో కలుస్తుంది. మేం దానికి ఎదురు పోతున్నాం.

త్రిపురాంతకంలో ఆగాం. ఈ ఊరి గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నదే, శ్రీశైలానికి తూర్పు ద్వారం అని. దక్షిణ ద్వారం కడప వైపు సిద్ధవటం, పడమటి ద్వారం తుంగభద్ర ఒడ్డున అలంపురం, ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం. ఆ గుడి అరుగు మీద వీపు వాల్చి కూర్చున్నప్పుడు మొదటిసారి లెక్క తట్టింది: ద్వారం ఇక్కడ, దేవుడు ఇక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల అవతల! ఏ ఇంటికి గుమ్మం అంత దూరంలో పెడతారు? పాత మనుషులకి కొండ గీత కాదు. అది ఒక జాగా. లోపలికి అడుగుపెట్టడం ఒకచోట, చేరడం ఇంకోచోట. మధ్యలో నడక. నాలుగు ద్వారాల్లో రెండు ఇవాళ ఆంధ్రాలో ఉన్నాయి, రెండు తెలంగాణలో. ద్వారాలు పంచుకోగలిగారు, నడక పంచుకోవడం ఎవరి వల్ల అవుతుంది? సరే, తూర్పు ద్వారంలోంచి పోయి ఉత్తర ద్వారంలోంచి బయటపడదామని అప్పుడే అనుకున్నాం. అప్పటిదాకా మాకు గమ్యం అంటూ ఒకటి లేదు.

ఇక్కడి నుంచి నేల పలచబడుతుంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి, ఎర్రమట్టి పోయి పలుగురాళ్లు. మిరప తోటలు బోర్లు ఉన్నచోటే. మిగతాది కంది, జామాయిల్, బీడు. బోరునీళ్లలో ఫ్లోరైడ్, నలభై ఏళ్లకే వంగిపోయిన నడుములూ గారపట్టిన పళ్లూ ఈ పడమటి ప్రకాశంలో కొత్త కాదు. రోడ్డు పక్క ఊళ్లో పల్లె జనం ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని నీళ్ల ప్లాంటు దగ్గర నిలబడ్డారు. ఆ కనపడే కొండల వెనకే శ్రీశైలం జలాశయం. కొండల కింద నుంచి 18.8 కిలోమీటర్ల సొరంగాలు తవ్వి ఆ నీళ్లు ఇటు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో పునాది వేశారు. పూల సుబ్బయ్య పేరు పెట్టారు. సొరంగాల పని పూర్తయిందని 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు కూడా. మేం వెళ్లేనాటికి క్యాన్లు మాత్రం క్యాన్లలాగే ఉన్నాయి. సరదాకి సైకిలు మీద కొండ ఎక్కేవాడు కాస్త సిగ్గుపడాల్సిన చోటు ఇది. నేను పడ్డాను. అయినా ఎక్కాను.

ఎడమ చేతి వైపు కాస్త లోపలికి పోతే మార్కాపురం. అక్కడి పలకల మీదే మా తరం అ ఆలు దిద్దింది. నీటి అడుగున పేరుకున్న బురద కోట్ల ఏళ్లు ఒత్తిడికి నలిగి రాయైతే దాన్ని పొరలు పొరలుగా చీల్చి, చెక్క ఫ్రేము బిగించి గుంటూరు పల్లెలకి పంపేవారు. మేం ఈ కొండల దాకా రాకముందే ఈ కొండ ముక్క మా ఒడిలోకి వచ్చింది. ఇప్పుడు బడిలో పలక కనపడదు, ఆ రాయి పెద్దిళ్ల గోడలకీ గచ్చులకీ పోతోంది.

సాయంత్రానికి దోర్నాల. కూడలి ఊరు: తిన్నగా పోతే ఆత్మకూరు, కర్నూలు, కుడివైపు తిరిగితే శ్రీశైలం. రాత్రి 9 గంటలకి అడవి గేటు పడితే మళ్లీ తెల్లవారి 6కే తెరుస్తారు. అందుకని లారీలూ కార్లూ అక్కడే తెల్లవార్లూ పడిగాపులు. హోటల్లో ఉగ్గాని పెట్టారు, పక్కన బజ్జీ. నరసరావుపేటలో పొద్దున ఇడ్లీ మీద కారప్పొడీ నెయ్యీ వేయించుకుని బయల్దేరినవాడికి రాత్రి బొరుగులు దొరికాయంటే ఎక్కడో ఒక గీత దాటినట్టే. ఎక్కడ దాటానో మాత్రం చెప్పలేను. వినుకొండలో "ఏందయ్యా, యాడికి?" అన్నారు. ఇక్కడ "యాడికి పోతుండారన్నా?" అంటున్నారు. మధ్యలో ఏ ఊళ్లోనూ మాట ఠక్కున మారలేదు.

లాడ్జిలో నిద్ర పట్టక ఏనుగుల వీరాస్వామయ్య గురించి మేనల్లుడికి చెప్పాను. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, పల్లకీలో, పెద్ద పరివారంతో కాశీకి పోతూ ఆయన శ్రీశైలం మీదుగా వెళ్లాడు. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు దారి. ఆ దారినే ఇవాళ్టికీ ఉగాదికి కన్నడ భక్తులు వేలకు వేలు కాలినడకన వస్తారు. ఆ రోజుల్లో శ్రీశైలం కందనూరు నవాబు చేతిలో ఉండేది, కొండకొచ్చిన భక్తుల దగ్గర నవాబు మనుషులు సుంకం వసూలు చేసేవాళ్లని వీరాస్వామయ్య రాశాడు. చుట్టూ కుంపిణీ రాజ్యం, మధ్యలో నవాబు ముక్క, కృష్ణ దాటితే నిజాం. 1839లో కుంపిణీ వాళ్లు నవాబుని దించేశారు, ఒక గీత చెరిగింది. నిజాం గీత 1948 దాకా ఉంది. 1956 నవంబరు 1న అది కూడా రాష్ట్రాల మధ్య గీతగా లేకుండా పోయింది. 57 ఏళ్ల పైచిలుకు కృష్ణ రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రం. 2014 జూన్ 2న గీత మళ్లీ ఇంచుమించు పాతచోటుకే వచ్చి కూర్చుంది. "అయితే మామా, నువ్వు పుట్టినప్పుడు లేని సరిహద్దు, మీ తాత పుట్టినప్పుడు ఉందన్నమాట" అన్నాడు వాడు. అప్పటికి వాడికి కొంచెం ఆసక్తి పుట్టింది. లడఖ్ మాట మళ్లీ ఎత్తలేదు.

పొద్దున్నే గేటు దగ్గర అడవి శాఖ కుర్రాడు మమ్మల్నీ సైకిళ్లనీ మార్చి మార్చి చూశాడు. కారుకి ఇంత, బస్సుకి ఇంత అని రుసుము పట్టీ ఉంది. సైకిలుకి రేటు లేదు. "మధ్యాహ్నానికల్లా అడవి దాటెయ్యండి, విడివిడిగా పోకండి, కోతులకి ఏమీ పెట్టకండి" అని చెప్పి వదిలాడు. శ్రీశైలం అక్కడికి 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

ఇప్పుడు గేర్ల సంగతి చెప్పాలి. నేను సైకిలు నేర్చుకున్నది కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కత్తెర తొక్కుడుతో, మా నాన్న 24 అంగుళాల నల్ల సైకిలు మీద. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు. పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి అయిదు మీటర్ల పైన ముందుకి పోవాల్సిందే. చదును నేల మీద అది హాయి. కొండ మీద అది నేరం. మేనల్లుడు నాకు ఇప్పించిన సెకండ్‌హ్యాండు బండిలో అన్నిటికన్నా చిన్న గేరు వేస్తే ఒక చుట్టుకి రెండు మీటర్లు కూడా పోదు. గేరు బరువేమీ తగ్గించదు. మొత్తం బాకీ అంతే ఉంటుంది, వాయిదాలు చిన్నవి చేస్తుంది. పత్తి రైతు బిడ్డకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

ఫ్రాన్సులో టూర్ ద ఫ్రాన్స్ పెట్టిన ఆంరీ దెగ్రాంజ్ అనే పెద్దమనిషికి గేర్లంటే చిరాకు. అవి 45 ఏళ్లు దాటినవాళ్లకే అని తీసిపారేశాడు. 1910లో ఆ పందెగాళ్లని ఫ్రాన్సుకీ స్పెయిన్‌కీ నడుమ సరిహద్దైన పిరనీస్ కొండలకి మొదటిసారి తోలినప్పుడు వాళ్లు ఎత్తు మొదట్లో దిగి, చక్రం విప్పి, తిరగేసి బిగించుకుని తొక్కారు. గొలుసు మార్చే గేర్లని ఆ పందెంలో ఒప్పుకున్నది 1937లోనే. నాకు ఆయన పెట్టిన వయసు ఎప్పుడో దాటింది కాబట్టి అనుమతి ఉన్నట్టే లెక్క. దీనికి పూర్తి తిరకాసు డెర్వ్లా మర్ఫీ. 1963లో ఐర్లాండు నుంచి ఢిల్లీకి సైకిలు మీద వచ్చిన మనిషి. ఆసియా రోడ్లకి ఆ గేరు సరంజామా తట్టుకోదని బయల్దేరే ముందే పీకించేసింది. కనుమలు వస్తే దిగి నెట్టింది, ఎత్తుకుంది, దాటింది. ఆవిడ రాసింది చదివాకే నెట్టుకుంటూ నడవడం ఓటమి కాదని నాకు ధైర్యం వచ్చింది. మేనల్లుడికి ఇంకా రాలేదు. వాడు దిగడు. ఎర్రబడి, చెమటలు కారుతూ, నా నడక వేగంతో పక్కనే తొక్కుతుంటాడు. ఇద్దరం మాట్లాడుకుంటూనే పోయాం.

ఘాట్ మలుపులు అయ్యాక కొండ ఆగిపోదు. ఇది నేను ఊహించనిది. కింద నుంచి గోడలా కనపడింది, పైకొచ్చాక గోడ కాదు. ఎత్తు, పల్లం, మళ్లీ ఎత్తు. వెదురు, టేకు, ఎండి రాలిన ఆకు. ఒక వాగు, దాని పక్కన గూడెం. చిన్నారుట్ల అనే బోర్డు కనపడగానే ఆగాను. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకని నక్సలైటు నాయకులు అడవిలోంచి బయటికి వచ్చింది ఇక్కడే. టీవీలో చూసిన ఆ దారీ ఆ జనమూ నాకు గుర్తున్నాయి. చర్చలు నిలవలేదు. మేనల్లుడు అప్పటికి అక్షరాలు దిద్దుతున్నాడు. నల్లమల అంటే వాడికి పులులూ జిప్‌సీలో సఫారీ. నాకేమో, మా కాలేజీ రోజుల్లో ఆ పేరు కాస్త గొంతు తగ్గించి పలికేవాళ్లం. ఒక అడవికి ఇరవై ఏళ్లలో ఇంత మర్యాద వస్తుందని అప్పుడెవరు అనుకున్నారు?

సరిహద్దులకి వెడల్పు ఉంటుందనేది దాక్కునేవాళ్లకి ఎప్పుడూ తెలుసు. రజాకార్ల కాలంలో కృష్ణ దాటి గుంటూరు వైపు పరుగెత్తి వచ్చినవాళ్లకి తెలుసు, పోలీసులకి తెలుసు, పులికి తెలుసు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. రాష్ట్రంతో పాటు దాన్నీ పంచారు. నదికి అవతలి ముక్క అమ్రాబాద్ అభయారణ్యం అయింది. పులిని లెక్కపెట్టేవాళ్లు ఇప్పుడు రెండు శాఖల వాళ్లు. చారలు చూసి గుర్తుపట్టే కెమెరాలు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి. నది ఈదిన పులి ఎవరి లెక్కలోకి వస్తుందో వాళ్లూ వాళ్లూ కూర్చుని తేల్చుకోవాలి.

ఈ వెడల్పులో ఊరికే దాటిపోయేవాళ్లం మేము. కాపురం ఉండేది చెంచులు. శ్రీశైలం మల్లన్నని వాళ్లు చెంచు మల్లయ్య అంటారు, అల్లుడి వరస. దేవుడితోనే చుట్టరికం ఉన్నవాళ్లకి మనం గీసిన గీతలతో ఏం పని అనుకుంటాం కానీ, పని పడింది. ఇటు గూడేలు ఒక రాష్ట్రం, అటు పెంటలు ఒక రాష్ట్రం. రేషను కార్డు ఒకచోట, మేనత్త ఇంకోచోట. దారిలో చెట్టు కింద కూర్చున్న ముసలాయన దగ్గర మంచినీళ్లు అడిగి తాగాం. ఏ ఊరు అన్నాడు. నరసరావుపేట అని చెప్పాను. మిరపకాయ కోతలకి ఎప్పుడో ఒకసారి అటు వచ్చానని, అక్కడ నిద్ర పట్టలేదని చెప్పాడు. ఎందుకంటే, "ఎటు చూసినా ఏం అడ్డం లేదయ్యా. ఒళ్లంతా బైటే ఉన్నట్టుంటది." కొండ నాకు అడ్డం. ఆయనకి మా మైదానం బట్టలు లేకుండా నిలబడ్డట్టు ఉందట. నేనింక ఏమీ అనలేకపోయాను. మేనల్లుడు బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు, మాకే చెరొక పిడికెడు రేగుపళ్లు ఇచ్చాడు.

శిఖరం దగ్గర, సముద్రమట్టానికి 2,800 అడుగుల పైన, సైకిళ్లు గోడకి ఆనించి అందరితో పాటు నువ్వులు చల్లి నంది కొమ్ముల మధ్య నుంచి గుడి శిఖరం వెతికాం. కనపడితే పునర్జన్మ లేదంటారు. మేనల్లుడికి కనపడిందట. నాకు చెమట అడ్డం వచ్చింది, కాబట్టి నేను మళ్లీ రావచ్చు. శ్రీశైలం గుడి గురించీ అక్కడి రద్దీ గురించీ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మేం ఆ రాత్రి సత్రంలో పడి మొద్దు నిద్రపోయాం.

మర్నాడు కృష్ణలోకి దిగుడు. సున్నిపెంట దాటి లింగాలగట్టు దాకా, మెలికలు తిరిగే రోడ్డు మీద, రెండు చేతుల వేళ్లూ బ్రేకుల మీదే. ఎక్కేటప్పుడు గంటకి ఎంత పోయామో, దిగేటప్పుడు నిమిషాల్లో అంత పోయాం. ఒక్క చెట్టూ గుర్తులేదు. వెడల్పు తెలియాలంటే కష్టపడాలి కాబోలు అనుకోబోయాను కానీ, ఆ గాలి మొహానికి తగులుతుంటే అట్లాంటి నీతులు నిలవవు.

కింద వంతెన. తల ఎత్తితే ఆనకట్ట. కుడిగట్టు విద్యుత్ కేంద్రం ఆంధ్రాది, 770 మెగావాట్లు. ఎడమగట్టున కొండ లోపల తొలిచిన కేంద్రం తెలంగాణది, 900 మెగావాట్లు. 2020 ఆగస్టులో ఆ భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. ఒకే జలాశయం, ఒకే నీళ్లు, ఎవరు ఎప్పుడు ఎన్ని వాడారన్నదే తగువు. దిగువన నాగార్జునసాగర్ మీద 2023 నవంబరు చివర్లో జరిగింది ఇంకా చిత్రం. తెలంగాణలో పోలింగు నాటి తెల్లవారుజామున ఆంధ్రా పోలీసులు ఆనకట్ట మీదికి వచ్చి, 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. సగానికి సగం. అంతకన్నా సన్నటి సరిహద్దు నేనెక్కడా వినలేదు. ఆ తర్వాత కేంద్ర బలగాలని పెట్టారు. "సైనికుడు ఉండడన్నావు కదరా" అని మేనల్లుడికి గుర్తుచేశాను. వంతెన మీద మాత్రం ఏ గొడవా లేదు. మధ్యలో ఆగి, ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ పెట్టి వాడు ఫోటో తీయించుకున్నాడు. గీత సరిగ్గా ఎక్కడుందో తెలియదు కాబట్టి అందాజాగానే.

అవతలి గట్టు మళ్లీ నిటారు. దోమలపెంట, ఈగలపెంట. టీ కొట్టు ఆయన "ఏడికెళ్లి వస్తున్రు?" అన్నాడు. టీ రుచి లింగాలగట్టులోదే. ఆ పైన వటవర్లపల్లి, ఫరహాబాదు, మన్ననూరు. ఇటు అడవి అటు అడవిలాంటిదే, గేట్ల మీద శాఖ పేరే వేరు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఘాట్ దిగుతుంటే మేనల్లుడు అలిగాడు. వాడి చేతి గడియారం ఎక్కిన ఎత్తూ దిగిన ఎత్తూ లెక్క కడుతుంది. ఎక్కింది కొండంత, దిగింది కొంచెం. "మామా, మనకి రావాల్సిన దిగుడు ఏది?" రాదురా, అని చెప్పాల్సి వచ్చింది. గుంటూరు సముద్రమట్టానికి 30 మీటర్ల ఎత్తున ఉంటే హైదరాబాదు 500 మీటర్ల పైన ఉంది. మనం గోడ అనుకున్నది మెట్టు. ఎక్కి దిగడం కాదు, ఎక్కి ఉండిపోవడం. మా కూలీలు వచ్చేది కూడా ఈ మెట్టు మీద నుంచే. పాలమూరు వాళ్లకి మా చేలు పల్లం, మా నీళ్లూ పల్లంలోవే. వాళ్లు దిగి రావడానికీ మేం ఎక్కి పోకపోవడానికీ ఆ 500 మీటర్లకీ ఏదో సంబంధం ఉండి తీరాలని నాకనిపించింది. కాలువలు తవ్విన ఇంజనీర్లు నా కన్నా ముందే ఒప్పుకున్నారు. అటు నీళ్లు కాలువలో వాటంతటవే పారతాయి, ఇటు కల్వకుర్తి ఎత్తిపోతలకి మోటార్లు కావాలి.

ఉమామహేశ్వరం కింద, రంగాపూర్ దగ్గర, రోడ్డు పక్కన పత్తి. ఎర్ర చెలక నేలలో మోకాలెత్తు మొక్కలు, ఆఖరి ఏరు మిగిలిన దూది అక్కడక్కడా. మేము గుడి మెట్ల వైపు పోకుండా అక్కడే కూలబడ్డాం. గట్టున పశువులు మేపుకుంటున్న రైతు దగ్గరికొచ్చి సైకిళ్లు పట్టి చూశాడు, గేర్లు తిప్పి చూశాడు, ఎంత పెట్టి కొన్నారని అడిగాడు. చెబితే నమ్మలేదు. ఏ ఊరన్నాడు. గుంటూరు జిల్లా అన్నాను, పల్నాడు అంటే తెలుసో తెలియదో అని.

"గుంటూరా? గుంటూరు యార్డుల తేజ ఏం పలుకుతున్నది?"

నాకు తెలియదు. గుంటూరు వాడినై ఉండి మిర్చి ధర తెలియకుండా రాష్ట్రం దాటి వచ్చినవాణ్ణి ఆయన వింతగా చూశాడు. మేనల్లుడు ఫోను తీశాడు, సిగ్నలు లేదు. ఆయన కండువా దులుపుకుని, నిన్న క్వింటా ఎంతకి పోయిందో, మొన్న ఎంతకి పోయిందో, తాలు కాయకి ఎంత కోశారో వరసగా చెప్పాడు. వాళ్ల బామ్మర్ది గద్వాల దగ్గర రెండెకరాలు వేసి, కాయ గుంటూరు పంపాలా హైదరాబాదు పంపాలా అని తేల్చుకోలేకుండా ఉన్నాడట. లారీ కిరాయి ఎంతవుతుందో, కమీషను ఎంత పట్టుకుంటారో, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చో లేదో కనుక్కుని చెప్పమని తన నంబరు నా చేత రాయించాడు.